ఓటు కూడా గవాహీయే

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ సభలో పిల్లల స్కాలర్‌షిప్పుల గురించో, పెళ్ళిళ్ళలో దుబారా గురించో మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఈసారి కార్యవర్గం వారు మాకు వేరే విషయం అప్పగించారు. క్రిమినల్ కేసులున్న వారు ఎన్నికల్లో నిలబడుతున్నారు, గెలుస్తున్నారు కూడా. ఓటరుగా మన బాధ్యత ఏమిటి? ఇదీ ఇవాళ్టి విషయం. మన సంఘం ఏ పార్టీకీ చెందింది కాదు. సభ్యుల్లో అన్ని పార్టీల వాళ్ళూ వున్నారు. కాబట్టి ఫలానా పార్టీ మంచిది, ఫలానా పార్టీ చెడ్డది అని మేము చెప్పబోవడం లేదు. ఏ పార్టీ మనిషి వచ్చి ఓటు అడిగినా ఏం చూసుకోవాలి అన్నంత వరకే మా మాట.

ముందు పరిస్థితి ఎంత దూరం వచ్చిందో చూద్దాం. అభ్యర్థులు స్వయంగా సంతకం చేసి ఇచ్చిన ప్రమాణపత్రాలను అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ అనే సంస్థ ప్రతి ఎన్నికకూ లెక్క కడుతుంది. 2004లో లోక్‌సభకు గెలిచినవారిలో నూటికి 24 మంది మీద క్రిమినల్ కేసులున్నాయి. 2009లో 30 మంది, 2014లో 34 మంది, 2019లో 43 మంది. 2024లో 543 మందిలో 251 మంది, అంటే నూటికి 46 మంది. వారిలో 170 మంది మీద వున్నవి తీవ్రమైన కేసులు. మన రాష్ట్రాల సంగతి ఇంకా ఎక్కువ. 2023 తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో గెలిచినవారిలో నూటికి 69 మంది, 2024 ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో గెలిచినవారిలో నూటికి 79 మంది తమ మీద కేసులున్నట్టు తామే రాసి ఇచ్చారు. ఇది శత్రువులు చెప్పిన లెక్క కాదు, వాళ్ళ చేతిరాతే.

ఇంకో లెక్క వుంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో కేసులున్న అభ్యర్థులు నూటికి 15 మంది గెలిస్తే, కేసులు లేనివారు నూటికి నలుగురే గెలిచారు. కేసులు లేనివారిలో డబ్బులేని స్వతంత్రులు ఎక్కువ మంది వుంటారు నిజమే. అయినా పార్టీలు ఈ లెక్క చూసే టిక్కెట్లు ఇస్తాయి. కేసు వల్ల ఓట్లు తగ్గుతాయని భయం వుంటే ఇచ్చేవి కావు.

ఇప్పుడు మన ఇండ్ల సంగతి చెప్పుకుందాం. మన పిల్లల్లో ఎంతమంది సౌదీకో, దుబాయికో, కువైట్‌కో పోతున్నారో లెక్క చెప్పనక్కరలేదు. పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టగానే పోలీసు వెరిఫికేషన్ వస్తుంది. 1967 నాటి పాస్‌పోర్టు చట్టం ప్రకారం కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తున్న మనిషికి పాస్‌పోర్టు ఇవ్వకుండా ఆపవచ్చు. కావాలంటే ఆ కోర్టుకే పోయి అనుమతి తెచ్చుకోవాలి. వీధి కొట్లాటలో పేరు ఎక్కిన కుర్రవాడు, కేసు తేలేదాకా ప్లీడరు చుట్టూ, కోర్టు చుట్టూ తిరుగుతాడు. వీసా గడువు దాటిపోతుంది. తల్లి మెడలో నగ తాకట్టుకు పోతుంది. ప్రభుత్వ ఉద్యోగమైనా అంతే, నీ మీద కేసు వుందా అని ఫారంలోనే అడుగుతారు.

మరి అదే కేసు, అదే సెక్షను వున్న మనిషి అసెంబ్లీకి, పార్లమెంటుకు నిలబడాలంటే ఏ కోర్టు అనుమతీ అక్కరలేదు. ఎడారిలో మేస్త్రీ పని చేయడానికి అడ్డం వచ్చే కేసు, దేశానికి చట్టాలు చేయడానికి అడ్డం రాదు. ఈ తేడా మన మనసుల్లో నిలవాలి.

చట్టం ఏమంటుందో కొంచెం వివరంగా చెబుతాము. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షను ప్రకారం, నేరం రుజువై రెండేళ్ళు లేక అంతకు మించి శిక్ష పడితేనే అనర్హత. ఆ అనర్హత శిక్షా కాలమంతా వుండి, విడుదల తరువాత మరో ఆరేళ్ళు వుంటుంది. మతాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడం, మానభంగం, ఎన్నికల్లో లంచం వంటి కొన్ని నేరాలకు శిక్ష చిన్నదైనా అనర్హత తప్పదు. అయితే ఇవన్నీ శిక్ష పడిన తరువాతి మాటలు. కేసు నడుస్తున్నంత కాలం ఎవరైనా పోటీ చేయవచ్చు. కేసు ఇరవై ఏళ్ళు నడిస్తే నాలుగు ఎన్నికలు గడిచిపోతాయి.

ఇంతకుముందు ఇంకో సౌకర్యం కూడా వుండేది. సభ్యుడుగా వున్నవాడికి శిక్ష పడితే మూడు నెలల్లో అప్పీలు వేసుకుంటే చాలు, పదవి పోయేది కాదు. 2013 జూలై 10న లిల్లీ థామస్ కేసులో సుప్రీం కోర్టు ఆ వెసులుబాటును కొట్టివేసింది. అదే రోజు ఇంకో తీర్పు కూడా వచ్చింది. జైలులో వున్నవాడికి ఓటు వేసే హక్కే లేనప్పుడు పోటీ చేసే హక్కు ఎక్కడిది అని కోర్టు అన్నది. ఆ రెండో తీర్పును పార్లమెంటు అదే సంవత్సరం చట్టం సవరించి మార్చివేసింది. అందుచేత 2024లో ఇద్దరు జైలులో వుంటూనే లోక్‌సభకు గెలిచారు. వారు నేరస్థులని మేము అనడం లేదు, వారి కేసులు కోర్టులు తేలుస్తాయి. చట్టం ఎట్లా వుందో చెబుతున్నాము, అంతే.

ఇక్కడ ఒక ముఖ్యమైన అభ్యంతరం వుంది. దాన్ని దాటవేస్తే ఈ ప్రసంగానికి విలువ వుండదు. కేసు పెట్టినంత మాత్రాన మనిషి నేరస్థుడైపోతాడా? ఈ ప్రశ్నకు జవాబు మన కంటే బాగా ఎవరికి తెలుసు! 2007 మే 18న హైదరాబాదు మక్కామసీదులో బాంబు పేలింది. నమాజుకు వచ్చినవారు చనిపోయారు. ఆ తరువాత పాతబస్తీ యువకులు అనేకమందిని అనుమానం మీద పట్టుకుపోయారు, కేసులు పెట్టారు. కోర్టులో వారు నిర్దోషులుగా బయటపడ్డారు. పోయిన చదువులు, పోయిన ఉద్యోగాలు, తెగిపోయిన సంబంధాలు తిరిగి రాలేదు. కేసు వున్నవాడల్లా దోషి అని మనమే అంటే, ఆ పిల్లల ముఖం ఎట్లా చూస్తాము?

అదీగాక రాజకీయాల్లో వున్నవారి మీద వుండే కేసుల్లో కొన్నిటి రకం వేరు. ధర్నా చేశాడని, రాస్తారోకో చేశాడని, 144 సెక్షను దాటాడని పెట్టే కేసులుంటాయి. తెలంగాణ ఉద్యమంలో అట్లాంటి కేసులు ఎంతమంది మీద పడ్డాయో అందరికీ తెలుసు. అధికారం మారినప్పుడల్లా ఒక పార్టీ వాళ్ళ మీద ఇంకో పార్టీ కేసులు పెట్టించడమూ చూస్తూనే వున్నాము. నూటికి 79 అన్న అంకె చూసి అంతమందీ హంతకులు అనుకుంటే అది తెలివితక్కువతనం.

అందుకే 2014లో లా కమిషన్ తన 244వ నివేదికలో ఒక మధ్యేమార్గం చూపించింది. పోలీసులు ఎఫ్.ఐ.ఆర్. రాసినంత మాత్రాన అనర్హత వద్దు. ఐదేళ్ళు అంతకు మించి శిక్ష పడగల నేరంలో, కోర్టు సాక్ష్యాధారాలు చూసి అభియోగం మోపితే అప్పుడు అనర్హుణ్ణి చేయాలి. ఎన్నికల ముందు హడావిడిగా మోపినవి లెక్కలోకి రాకుండా కనీసం ఒక సంవత్సరం ముందే మోపినవై వుండాలి అన్నది. ఆ సిఫార్సు చట్టం కాలేదు. 2018 సెప్టెంబరు 25న సుప్రీం కోర్టు కూడా, కొత్త అనర్హత మేము పెట్టలేము, అది పార్లమెంటు చేయాల్సిన పని అని చెప్పి వదిలేసింది.

కనుక ఇప్పుడు వడపోత మన చేతిలో వుంది. అందుకు పనికివచ్చే సాధనం ఒకటి చట్టమే మనకిచ్చింది. 1999లో అహ్మదాబాదు ఐ.ఐ.ఎం. ప్రొఫెసర్లు కొందరు కోర్టుకు పోయారు. దాని ఫలితంగా 2002 మే 2న సుప్రీం కోర్టు, అభ్యర్థి నేరచరిత్ర, ఆస్తులు, చదువు తెలుసుకోవడం ఓటరు హక్కు అని తీర్పు చెప్పింది. పార్లమెంటు ఆ హక్కును కత్తిరించబోతే 2003 మార్చి 13న కోర్టు మళ్ళీ నిలబెట్టింది. అప్పటినుంచి ప్రతి అభ్యర్థి నామినేషనుతో ప్రమాణపత్రం ఇస్తున్నాడు. దాన్ని ఫారం 26 అంటారు. అబద్ధం రాస్తే, దాచిపెడితే ఆరు నెలల వరకు జైలు వుంది.

ఈ కాగితం ఎక్కడ దొరుకుతుంది? రిటర్నింగ్ అధికారి నోటీసు బోర్డు మీద అంటిస్తారు. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో వుంటుంది. సెల్‌ఫోన్‌లోనూ చూడవచ్చు, మన పిల్లలు రెండు నిమిషాల్లో తీసి చూపిస్తారు. ఇంతే కాక, కేసులున్న అభ్యర్థి, అతని పార్టీ కూడా ప్రచార కాలంలో మూడుసార్లు పత్రికల్లో, టీవీల్లో ఆ వివరాలు ప్రకటించాలి. 2020 ఫిబ్రవరి 13 నాటి తీర్పు ప్రకారం, కేసులు లేనివారిని వదిలి ఇతన్నే ఎందుకు ఎంచుకున్నారో పార్టీ కారణం రాయాలి. గెలుస్తాడు అన్నది ఒక్కటే కారణం కాకూడదు. బీహారు ఎన్నికల్లో ఈ ఆజ్ఞ సరిగా పాటించలేదని 2021 ఆగస్టులో ఎనిమిది పార్టీలకు కోర్టు జరిమానా వేసింది.

కాగితం తీసుకున్నాక ఎట్లా చదవాలి? నాలుగు విషయాలు చూడాలని మా మనవి.

మొదటిది, ఏ సెక్షను? 2024 జూలై 1న భారతీయ న్యాయసంహిత వచ్చింది కాబట్టి పాత కేసుల్లో పాత నంబర్లు, కొత్త కేసుల్లో కొత్త నంబర్లు వుంటాయి. హత్య పాతది 302, కొత్తది 103. హత్యాయత్నం పాతది 307, కొత్తది 109. మానభంగం పాతది 376, కొత్తది 64. స్త్రీ మీద చేయి వేసి అవమానించడం పాతది 354, కొత్తది 74. మోసం పాతది 420, కొత్తది 318. మతాల మధ్య విద్వేషం పాతది 153-ఎ, కొత్తది 196. వీటిని ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. పాత 188, 341 వంటివి మాత్రమే వుంటే అది చాలా వరకు ధర్నాల వ్యవహారం అనుకోవచ్చు.

రెండవది, అభియోగం మోపారా లేదా? ఫారంలో దానికి ప్రత్యేకంగా గడి వుంది, తేదీతో సహా రాయాలి. ఎఫ్.ఐ.ఆర్. అంటే పోలీసుల మాట. అభియోగం మోపారంటే ఒక న్యాయమూర్తి కాగితాలు చూసి, ఇది విచారించదగ్గదే అన్నారన్నమాట. ఈ రెంటికీ చాలా తేడా వుంది.

మూడవది, ఎన్ని కేసులు, ఎన్నేళ్ళ నుంచి? వేర్వేరు ప్రభుత్వాల కాలంలో, వేర్వేరు పోలీసు స్టేషన్లలో ఒకే రకం కేసులు పడుతూ వస్తే, అన్నీ కక్ష కేసులే అనడం కష్టం.

నాలుగవది, అన్నిటికంటే పెద్దది. నష్టపోయింది ఎవరు? ప్రభుత్వానికి ఎదురు నిలబడి ప్రజల తరఫున కేసు మీద వేసుకున్నవాడు వేరు. విధవరాలి ఇల్లు కబ్జా చేసినవాడు, ఖబరస్థాన్ గోడ లోపలికి జరిపినవాడు, కూలివాణ్ణి కొట్టించినవాడు వేరు. ఈ సంగతి ఫారంలో పూర్తిగా వుండదు. మొహల్లాలో అడిగితే తెలుస్తుంది. రిష్తా వచ్చినప్పుడు అబ్బాయి గురించి నాలుగు గల్లీల్లో అడిగి రాకుండా మన ఆడవాళ్ళు సరే అంటారా? ఆ నేర్పు ఇక్కడ వాడాలి.

ఇంత చెప్పినా కొందరు ఒక మాట అంటారు. "సాబ్, మీరు చెప్పేది పుస్తకాల మాట. అర్ధరాత్రి పోలీసులు పిల్లవాణ్ణి ఎత్తుకుపోతే ఎవరొస్తారు? చదువుకున్న మంచి అభ్యర్థి ఫోను ఎత్తడు. ఆ దాదాయే స్టేషనుకు వస్తాడు, విడిపించుకొస్తాడు. మరి ఓటు ఎవరికి వేయాలి?" ఈ మాటను మేము తేలిగ్గా తీసుకోము. ఇందులో కడుపుకోత వుంది. మిలన్ వైష్ణవ్ అనే పరిశోధకుడు 2017లో ఈ విషయం మీద ఒక పెద్ద పుస్తకమే రాశారు. జనం తెలియక ఓటు వేయడం లేదు, ప్రభుత్వం చేయాల్సిన పని చేయనిచోట బలమున్నవాడు తమకు అండ అవుతాడని తెలిసే వేస్తున్నారు అన్నది ఆయన వాదన సారం.

అయితే లెక్క పూర్తిగా వేద్దాం. ఆ రాత్రి వచ్చినవాడు ఉచితంగా రాలేదు. ఐదేళ్ళ పాటు ఆ ఇల్లు అతనికి బాకీ. అతని మనిషి కొట్టు ముందు బండి పెట్టినా మాట్లాడకూడదు. అతను స్థలం అడిగితే లేదనకూడదు. జెండా మోయడానికి, రాయి విసరడానికి మన పిల్లలే కావాలి, కేసు పడేదీ వాళ్ళ మీదే. మళ్ళీ విడిపించడానికి అతనే రావాలి. మన భయమే అతని పెట్టుబడి. స్టేషనులో చట్టప్రకారం పని జరిగితే అతని అవసరమే వుండదు. అందుచేత స్టేషను బాగుపడాలని అతను ఎన్నటికీ కోరుకోడు.

ఈ బాకీ తీర్చే దారి వుంది. అరెస్టు చేసినవాణ్ణి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతున్నది. అరెస్టు మెమో రాయాలి, ఇంటివాళ్ళకు తెలపాలి అని 1996లో డి.కె. బాసు కేసులో సుప్రీం కోర్టు ఆదేశించింది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, కస్టడీలో వున్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్లీడరును ఉచితంగా ఇస్తారు. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ కార్యాలయం వుంటుంది. ఈ సంగతులు తెలిసిన నలుగురు మనుషులు మన సంఘంలో వుండి, రాత్రయినా ఫోను ఎత్తితే, ఆ ఇల్లు ఎవరికీ బాకీ పడదు.

ఇంకో మాట కూడా వినబడుతుంది. "ఎట్లాంటివాడైనా మనవాడు." ఈ మాట ప్రతి కులంలో, ప్రతి మతంలో వుంది. లిల్లీ థామస్ తీర్పు తరువాత మొట్టమొదట సభ్యత్వం పోగొట్టుకున్నది రాజ్యసభ సభ్యుడు రషీద్ మసూద్. వైద్య కళాశాల సీట్ల కేసులో 2013లో ఆయనకు నాలుగేళ్ళ శిక్ష పడింది. అర్హత లేనివారికి సీట్లు కట్టబెట్టిన కేసు అది. అర్హత వుండీ సీటు రానివారిలో మన పేదల పిల్లలు కూడా వుండరా? ఆయన మనవాడు అయినందువల్ల వాళ్ళకు ఏం ఒరుగుతుంది? అదే నెలలో లాలూ ప్రసాద్ యాదవ్ సభ్యత్వమూ పోయింది. చట్టం పేరు చూడలేదు. మతం పేరుతో ఓటు అడగడమే అక్రమమని, ఓటరు మతాన్ని చూపి అడిగినా అంతేనని 2017 జనవరి 2న సుప్రీం కోర్టు స్పష్టం చేసింది.

డబ్బు సంగతి ఒక్క మాటలో చెబుతాము. ఓటుకు డబ్బు ఇవ్వడమే కాదు, పుచ్చుకోవడమూ నేరమే. సంవత్సరం వరకు జైలు వుంది. డబ్బు పుచ్చుకున్న నోటితో మరునాడు రోడ్డు ఎందుకు వేయలేదని అడగలేము.

ఎవరూ నచ్చకపోతే 2013 నుంచి నోటా మీట వుంది. అయితే నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా, అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవాడే గెలుస్తాడు. కాబట్టి అది నిరసన తెలపడానికి పనికివస్తుంది, మనిషిని ఆపడానికి పనికిరాదు. ఆపాలంటే ఇంకో మనిషికి ఓటు వేయాలి.

మన సంఘానికి మూడు పనులు సూచిస్తున్నాము. ఎన్నికలు వచ్చినప్పుడు మన నియోజకవర్గం అభ్యర్థులందరి ప్రమాణపత్రాలు, ఏ వ్యాఖ్యా లేకుండా, తెలుగులోను ఉర్దూలోను సంగ్రహంగా రాసి ఆఫీసులో పెట్టాలి. అందరివీ పెట్టాలి, ఒక్కరివి వదిలినా మన మాటకు విలువ పోతుంది. రెండు, న్యాయసహాయం కోసం నలుగురితో ఒక కమిటీ వేయాలి, అందులో ఇద్దరు స్త్రీలు వుండాలి. మూడు, ఓటు అడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ అతని ఫారం చేతిలో పెట్టుకొని మర్యాదగా అడగాలి: "ఈ కేసు ఏమిటి సాబ్, మాకు చెప్పండి." తప్పుడు కేసైతే చెప్పుకోవడానికి అతనికీ అవకాశం వస్తుంది. నిజమైనదైతే అతని ముఖమే చెబుతుంది.

మన ఇండ్లలో గవాహీ అనే మాటకు ఎంత బరువు వుందో చెప్పనక్కరలేదు. అన్నదమ్ముల తగాదాలో కూడా అబద్ధపు గవాహీ ఇవ్వడానికి పెద్దలు వెనకాడుతారు. మీట నొక్కడమంటే, ఈ మనిషి నాకు తెలుసు, ఇతను నా తరఫున నిలబడడానికి తగినవాడు అని గవాహీ ఇవ్వడమే. తెలుసుకోకుండా ఇచ్చిన గవాహీకి విలువ లేదు. తెలిసి తప్పుగా ఇచ్చిన గవాహీకి ఐదేళ్ళ శిక్ష వుంది, అది అనుభవించేది అభ్యర్థి కాదు, మనమూ మన పిల్లలూ.